డబుల్ బేస్ కమాను పట్టు: చెయ్యి నొప్పి లేకుండా వాయించడం ఎలా

డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది, నేల మీద నిలబెట్టి వాయించేది) మీద కమాను పట్టిన కొత్తలో అందరూ అడిగేది ఒకటే: "వేళ్ళు ఎక్కడ పెట్టాలండి?" ఇక్కడ ఆ సంగతికి రావడానికి కాస్త టైం పడుతుంది. కుడి చేతికి వచ్చే నొప్పి చాలావరకు వేళ్ళలో పుట్టదు. వాయిద్యం ఎత్తు కుదరకపోతే పుడుతుంది, అది ఒంటికి సరిగా ఆనకపోతే పుడుతుంది, పట్టు పోయిన కమాను వెంట్రుకలతో తీగను బలవంతంగా మోగించబోతే పుడుతుంది. వేళ్ళు చివర్లో ఆ భారం మోస్తాయంతే. అందుకని ముందు వాయిద్యం, తర్వాత భుజం, ఆ తర్వాతే వేళ్ళు.

మన గోదావరి జిల్లాల్లో డబుల్ బేస్ ఊరూరా కనబడే వాయిద్యం కాదు. కనబడినచోట వాయించేవాళ్ళు వయొలిన్ నుంచో, చర్చి క్వయర్‌లో గిటారు నుంచో ఇటు వచ్చినవాళ్ళయి ఉంటారు. గిటారు వాళ్ళకు కుడి చెయ్యి పూర్తిగా కొత్త, కాబట్టి మొదటినుంచీ నేర్చుకుంటారు. ఇబ్బంది ఎక్కువ వయొలిన్ వాళ్ళకే, ఎందుకంటే వాళ్ళ చేతికి ముందే ఒక అలవాటు ఉంది. వయొలిన్ కమాను సుమారు 60 గ్రాములు ఉంటుంది. బేస్ కమాను 130 నుంచి 150 గ్రాముల దాకా తూగుతుంది, పైగా పొడవులో కాస్త పొట్టి. మోగే తీగ పొడవు వయొలిన్ మీద 33 సెంటీమీటర్లు, బేస్ మీద 105కి అటూ ఇటూ. పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ కింది తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తే, బేస్ కింది ఇ తీగ (బేస్ తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి) 41 సార్లే కంపిస్తుంది. అంత లావు తీగ కదలడానికి క్షణం ఆలస్యం అవుతుంది. ఆ క్షణంలోనే కొత్తవాడు కంగారుపడి వేళ్ళు బిగించేస్తాడు.

ముందు ఎత్తు

నిలబడి వాయించేవాళ్ళకు ఒక పాత లెక్క ఉంది: ఫింగర్‌బోర్డు (ఎడమ చేతి వేళ్ళు తీగల్ని నొక్కే పొడవాటి పలక) పైచివర తీగలు కూర్చునే నట్టు మీ కనుబొమల ఎత్తుకు రావాలి. మొదలుపెట్టడానికి ఆ లెక్క చాలు, అక్కడితో ఆగిపోకండి. అది ఎడమ చేతిని చూసుకుని పెట్టిన లెక్క. కుడి చేతికి వేరే పరీక్ష ఉంది.

కమాను పట్టుకుని కుడి చెయ్యి వదులుగా కిందికి వేలాడదీయండి. భుజం పైకి లేవకూడదు, నడుము వంగకూడదు. మోచెయ్యి కొద్దిగా మాత్రమే వంచి కమానును తీగ మీదికి తెండి. వెంట్రుకలు ఫింగర్‌బోర్డు చివరకూ, తీగల్ని ఎత్తి పట్టే చెక్క బ్రిడ్జికీ మధ్య, దాదాపు సగం దూరంలో తాకాలి. ఫింగర్‌బోర్డు మీదికి వచ్చి పడుతుంటే వాయిద్యం మరీ కిందికి ఉన్నట్టు, ఎండ్‌పిన్ (వాయిద్యం అడుగున నేలకు ఆనే ఊచ) ఇంకాస్త బయటికి లాగండి. బ్రిడ్జిని రాసుకుంటుంటే వాయిద్యం మరీ పైకి ఉన్నట్టు, దించండి. ఒకేసారి ఎక్కువ మార్చకుండా సెంటీమీటరు, సెంటీమీటరున్నర చొప్పున మార్చి చూడండి. కనుబొమల లెక్కకూ ఈ పరీక్షకూ పేచీ వస్తే, కుడి చెయ్యి చెప్పిందే వినండి.

కూర్చుని వాయించేవాళ్ళు స్టూలు విషయంలో పిసినారితనం చేయొద్దు. షామియానా వాళ్ళు వేసే ప్లాస్టిక్ కుర్చీ డబుల్ బేస్‌కు అస్సలు పనికిరాదు. దాని ఎత్తు 45 సెంటీమీటర్లకు మించదు, పైగా కూర్చున్నవాడిని వెనక్కి జారవేస్తుంది. మామూలు ఎత్తు మనిషికి 70 నుంచి 75 సెంటీమీటర్ల స్టూలు కావాలి. పైచెక్క గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. కుడి పాదం నేల మీద, ఎడమ పాదం స్టూలు అడ్డకర్ర మీద. తెలిసిన వడ్రంగి ఉంటే మీ కొలతకే చేయించుకోండి, అడ్డకర్ర మీ కాలికి ఎక్కడ అందితే బాగుంటుందో కూడా చూసి మరీ చెప్పండి.

ఇప్పుడు నేల. కొత్తగా కట్టిన చర్చిల్లో, కల్యాణ మండపాల్లో అన్నీ నున్నటి టైల్సూ గ్రానైటే. ఎండ్‌పిన్ కొస మీద రబ్బరు బిరడా ఉన్నా, చెమటో నీళ్ళో పడితే జారుతుంది. జారుతుందేమోనన్న అనుమానం ఒక్కటి చాలు, రెండు చేతులూ తెలియకుండానే వాయిద్యాన్ని పట్టుకోవడం మొదలుపెడతాయి. కోనసీమలో మనకు కొబ్బరి పీచు పట్టాలకు కొదవ లేదు. వెనకాల రబ్బరు అంటించిన డోర్‌మ్యాట్ రకం ఒకటి తీసుకోండి. ఒక చివర మీద స్టూలు ముందు కాళ్ళు, రెండో చివర మీద ఎండ్‌పిన్ వచ్చేటట్టు పరచండి. మీ బరువే పట్టాను కదలనివ్వదు. రబ్బరు లేని వట్టి పీచు పట్టా టైల్స్ మీద తానే జారుతుంది, అది వద్దు.

రెండు చేతులూ వదిలేసి చూడండి

వాయిద్యాన్ని మీవైపు కొద్దిగా వాల్చి, కొంచెం కుడివైపుకు తిప్పండి. వెనకభాగం అంచు ఎడమవైపు పొత్తికడుపు దగ్గర ఆనాలి. కూర్చుంటే ఎడమ మోకాలు వెనకనుంచి ఆసరా ఇస్తుంది. ఇప్పుడు రెండు చేతులూ తీసేయండి. బేస్ అలాగే నిలబడాలి.

పడిపోబోతుంటే ఇంకేదీ నేర్చుకోవద్దు, ఇక్కడే ఉండి కోణం మారుస్తూ నిలిచేదాకా ప్రయత్నించండి. చేతులు తీస్తే పడిపోయే వాయిద్యాన్ని వాయించేటప్పుడు నిలబెడుతున్నది ఎడమ బొటనవేలూ కమానూ అన్నమాట. కమాను ఒకవైపు వాయిస్తూ మరోవైపు ఆసరాగా ఉండాల్సి వస్తే కుడి చెయ్యి నొప్పి పుట్టకుండా ఎలా ఉంటుంది? కుడి పట్టు బాగాలేదని వచ్చేవాళ్ళలో కొంతమందికి ఈ ఒక్క సర్దుబాటుతోనే పని అయిపోతుంది. కమానును ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

భుజం, మోచెయ్యి

కమాను పక్కన పెట్టండి. కుడి చేతిని ఒంటి పక్కన వదిలేసి ముందుకీ వెనక్కీ, తర్వాత పక్కకీ ఊపండి. ఊపు ఎక్కడ మొదలవుతోందో గమనించండి. వీపు పైభాగంలో, భుజం వెనక రెక్క ఎముక దగ్గర మొదలవ్వాలి. వయొలిన్ వాళ్ళ చెయ్యి మోచేతి దగ్గర్నుంచే తెరుచుకోవడానికి అలవాటుపడి ఉంటుంది. బేస్ మీద ముందు మొత్తం చెయ్యి కదులుతుంది. కమాను కొస దగ్గరపడుతున్నప్పుడు మాత్రం మోచెయ్యి కాస్త తెరుచుకుంటుంది. అయినా పూర్తిగా నిటారుగా లాక్ అయిపోకూడదు.

ఇక బరువు. తీగను నొక్కాలి అనే మాట మనసులోంచి తీసేయండి. దండెం మీద తడి పంచె వేస్తే ఎవరూ దాన్ని కిందికి నొక్కి పట్టుకోరు, దాని బరువుకు అదే దండేన్ని వంచుతుంది. మీ చెయ్యి కూడా తీగ మీద అలాగే వేలాడాలి. మనిషి చెయ్యి మూడు నాలుగు కిలోలు ఉంటుంది. అందులో కొంచెం తీగ మీదికి వదిలితే ఇ తీగ కూడా నిండుగా పలుకుతుంది. వేళ్ళు దానికి కలిపే బలం చాలా తక్కువ. ఆ వేళ్ళతో నొక్కి అంత శబ్దం తేవాలని చూస్తే మాత్రం పావుగంటలో ముంజేయి లాగేస్తుంది.

కుడి భుజం చెవివైపు ఎక్కుతోందేమో మీకై మీకు తెలియదు. బీరువా అద్దం ముందు కూర్చోండి. మ్యూజిక్ స్టాండ్ కంటే ఆ అద్దం వంద రెట్లు నయం.

ఇప్పుడు వేళ్ళు

డబుల్ బేస్ కమానులు రెండు రకాలు. జర్మన్, ఆస్ట్రియన్ ఆర్కెస్ట్రాల్లో చెయ్యి అడుగునుంచి పెట్టి పట్టే జర్మన్ కమాను. ఫ్రాన్సు, ఇటలీ, ఇంగ్లండుల్లో పైనుంచి పట్టే ఫ్రెంచ్ కమాను. అమెరికాలో రెండు రకాల వాళ్ళూ ఒకే వరుసలో నిలబడి వాయిస్తారు. ఇటలీ బేస్ దిగ్గజం జొవాన్నీ బొట్టెసిని (1821–1889) పైనుంచి పట్టి వాయించాడు. వియన్నాలో పాఠం చెప్పిన ఫ్రాంజ్ సీమాండిల్ (1840–1912) ది అడుగు పట్టు. ఏది గొప్ప అనే వాదం ఎప్పటికీ తెగదు, మనకు అక్కర్లేదు కూడా. రెండింటి ఫ్రాగ్ (చేతివైపు వెంట్రుకలు బిగించి ఉండే దిమ్మ) ఎత్తు వేరు కాబట్టి ఒక రకం కమానును రెండో పట్టుతో పట్టుకోవడం మాత్రం కుదరదు. కొనేముందే తేల్చుకోండి.

ఫ్రెంచ్ పట్టు ఇలా. ఎడమ చేత్తో కర్రను మధ్యలో పట్టుకుని నేలకు సమాంతరంగా ఉంచండి. కుడి చేతిని పైనుంచి వదులుగా దించండి. బొటనవేలిని కణుపు బయటికి వచ్చేలా వంచి, దాని కొసను ఫ్రాగ్ అంచూ కర్రా కలిసే మూలలో ఆనించండి. మధ్యవేలు, ఉంగరం వేలు కర్ర మీదుగా ఫ్రాగ్ పక్కకు వేలాడాలి. చూపుడు వేలు మొదటి రెండు కణుపుల మధ్య భాగంతో కర్ర మీద ఊరికే కూర్చుంటుంది. చిటికెన వేలు దగ్గర వయొలిన్ వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. వయొలిన్ మీద అది కర్ర పైన కొసతో నిలబడి కమానును తూకం వేస్తుంది. ఇక్కడ ఆ పని లేదు. ఫ్రాగ్ పక్కన, ముత్యపు చిప్ప చుక్క ఉండే చోటికి దగ్గరగా దిగిపోతుంది. 140 గ్రాముల కమానును చిటికెన వేలితో నిలబెట్టాలని చూస్తే నాలుగు రోజుల్లో ఆ వేలే మొరాయిస్తుంది.

జర్మన్ పట్టులో అరచెయ్యి పక్కకు తిరిగి ఉంటుంది. కర్ర వెనక చివర, అంటే మర ఉన్న కొస, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందులో కూర్చుంటుంది. బొటనవేలు కర్ర మీద పైన, కొద్దిగా వంగి. చూపుడు వేలు, మధ్యవేలు కొసలు కర్ర పక్కన ఆనుతాయి. ఉంగరం వేలు ఫ్రాగ్ బోలులోకి ముడుచుకుని ఊరికే ఉంటుంది, దానికి పని చెప్పకండి. చిటికెన వేలు ఫ్రాగ్ కింద, వెంట్రుకలు బయటికి వచ్చే లోహపు పట్టీ దగ్గర అడుగునుంచి ఆనుతుంది. అరచేతికీ ఫ్రాగ్‌కూ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ మూసుకుపోయి పిడికిలి అయిందంటే మణికట్టు కదలదు.

నన్నడిగితే, వయొలిన్ నుంచి వచ్చేవాళ్ళు అలవాటు పట్టు కదా అని కళ్ళు మూసుకుని ఫ్రెంచ్ కమాను కొనకూడదు. చూడ్డానికి రెండూ ఒకటే, చేతికి కాదు. పాత అలవాటు కొద్దీ చూపుడు వేలితో నొక్కుతూనే ఉంటారు. జర్మన్ పట్టు కొత్తది కాబట్టి చెయ్యి మొదటినుంచీ నేర్చుకుంటుంది. పైగా ముంజేయి లోపలికి మెలిపడకుండా దాదాపు సహజంగా వేలాడే తీరులోనే ఉంటుంది. బొటనవేలి మొదట్లో ఇదివరకే నొప్పి ఉన్నవాళ్ళు ఎవరిదైనా అరువు తెచ్చుకుని అయినా సరే వారం పది రోజులు దాన్ని వాడి చూడాలి.

బొటనవేలి గోరు

ఏ పట్టయినా చెడేది బొటనవేలి దగ్గరే. వాయిస్తూ వాయిస్తూ దాని గోరు వైపు చూడండి. లేత గులాబీగా ఉండాల్సిన గోరు కొసనుంచి మొదలుదాకా తెల్లబడి, చుట్టూ ఎర్రటి గీత కనబడితే మీరు పిండేస్తున్నట్టు. కణుపు లోపలికి విరుచుకుని వేలు నిటారుగా అయిపోయినా అదే అర్థం. పట్టు బిగిసిందా లేదా అన్నది చేతిని అడిగితే సరిగా చెప్పదు, గోరు చెప్పేస్తుంది. క్లాసులో "మాస్టారూ, నేను వదులుగానే పట్టుకున్నానండి" అనే పిల్లల చేత ముందు గోరు చూపించమంటాను. తర్వాత మాటలుండవు.

గోరు తెల్లబడుతుంటే ఇలా చేయండి. ఓపెన్ (ఎడమ వేలు నొక్కని) డి తీగ మీద కమానును కదపకుండా ఆనించండి. ఎడమ చేత్తో కమాను కొసను పట్టుకోండి. కుడి బొటనవేలిని పూర్తిగా తీసేసి మళ్ళీ పెట్టండి. అలా నాలుగైదు సార్లు. బొటనవేలు లేకపోయినా కమాను తీగ మీదే కూర్చుని ఉంటుందని చేతికి అర్థమవ్వాలి. తర్వాత నిదానంగా వాయిస్తూ, చిటికెన వేలు ఒకసారి, చూపుడు వేలు ఒకసారి, ఉంగరం వేలు ఒకసారి కొద్దిగా ఎత్తి దించండి. శబ్దం వణకొచ్చు, ఆగిపోకూడదు.

ఫ్రాగ్ అంచు బొటనవేలికి గుచ్చుకుంటుంటే అక్కడ చిన్న సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దారం కట్టుకోండి. కొందరు పట్టు లావుగా ఉంటే బాగుంటుందని బట్ట చుడతారు. చెమట పీల్చి రెండు రోజుల్లో వాసన కొడుతుంది, పైగా జారుతుంది. రబ్బరే మేలు.

మొదటి పదిహేను నిమిషాల సాధన

కమాను తీగ మీద పెట్టి వెంటనే లాగొద్దు. ముందు ఆనించండి, బరువు దిగనివ్వండి. వెంట్రుకలు తీగను పట్టుకున్నాయో లేదో చూడడానికి, శబ్దం రాకుండా తీగను అటూ ఇటూ రవ్వంత కదపండి. తీగ కమానుతో పాటు కదిలితే పట్టు దొరికినట్టు. అప్పుడు లాగండి. స్వరం మొదట్లో గర్‌మని గీరుకుంటే ఆ బరువు కాస్త సడలించకముందే లాగేశారు. ఈలలాంటి గాలి శబ్దం వస్తే బరువు చాలలేదు, లేదా కమాను మరీ వేగంగా పోయింది. ఇ తీగకు నిదానమైన కమాను కావాలి, జి తీగకు కాస్త వేగం పరవాలేదు.

తీగ మారేటప్పుడు మణికట్టు తిప్పకండి, మొత్తం చెయ్యి తన చోటు మార్చుకుంటుంది. జి తీగ మీద ఉన్నప్పుడు చెయ్యి ముందుకు, ఒంటికి దూరంగా ఉంటుంది. ఇ తీగకు వచ్చేసరికి వెనక్కి, కుడి తొడ దగ్గరికి వస్తుంది. ఇ తీగ మీద కమాను మీ తొడకో వాయిద్యం నడుముకో కొట్టుకుంటుంటే బేస్ కోణం కొద్దిగా మార్చి చూసుకోండి. దానికోసం చేతిని మెలిపెట్టొద్దు.

మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఒక్కో కమానుకు నాలుగు దెబ్బలు. నాలుగు ఓపెన్ తీగల మీదా వాయించాక, వయొలిన్ నేర్చుకున్నవాళ్ళు మాయామాళవగౌళలో మొదటి సరళీ వరుస ఎత్తుకోండి. ఓపెన్ డి తీగను షడ్జమం చేసుకోండి, ఒక్కో స్వరానికి ఒక కమాను. మధ్యమం పక్కనున్న జి తీగ మీద ఖాళీగానే దొరుకుతుంది, కాబట్టి తీగ మారడం కూడా అందులోనే కలిసిపోతుంది. తెలిసిన పాఠం కావడం వల్ల మనసు స్వరం కోసం వెతకదు, చేతిని గమనించే తీరిక దొరుకుతుంది. కమాను తీగకు అడ్డంగా, లంబకోణంలో పోతోందో లేదో అద్దంలో చూడండి. ఎక్కువమందికి కొస దగ్గర అది వంకర తిరుగుతుంది.

ఎడమ చేతి గురించి ఒక్క మాట. బొటనవేలు మెడ వెనక తాకి ఉండాలి, నొక్కకూడదు. వేలు తీగ మీద దిగేది కూడా చేతి బరువుతోనే, మోచెయ్యి వెనక్కి వేలాడితే ఆ బరువు అందుతుంది. ఎడమ చెయ్యి పిండితే కుడి చెయ్యి కూడా పిండుతుంది, రెండింటికీ టెన్షన్ ఒకేసారి ఎక్కుతుంది.

రోజిన్, తేమ, కొబ్బరి నూనె

కమాను వెంట్రుకలకు పట్టు పోతే శబ్దం కోసం మనిషి నొక్కుతాడు. కాబట్టి రోజిన్ (పట్టు కోసం వెంట్రుకలకు రాసే గుగ్గిలం లాంటి గడ్డ) సంగతి కూడా చేతి నొప్పి సంగతే. వయొలిన్ రోజిన్ గట్టిగా ఉంటుంది, అటూ ఇటూ రుద్దుతారు. బేస్ రోజిన్ మెత్తన, జిగురు. దాన్ని ఫ్రాగ్ నుంచి కొసవైపు ఒకే దిశలో, మూడు నాలుగు సార్లు నిదానంగా లాగితే చాలు. వెనక్కీ ముందుకీ రుద్దితే ముద్దలు కడుతుంది. వయొలిన్ రోజిన్ వాడితే పని జరుగుతుంది కదా అని వాడేవాళ్ళున్నారు. జరగదు, ఇ తీగ దగ్గర జారిపోతుంది.

రాజమండ్రి ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో కారులో వదిలేసిన బేస్ రోజిన్ కరిగి, డబ్బాలోంచి కారి, సంచీ లోపలి బట్టకు అంటుకుంటుంది. మూత పెట్టి, నిటారుగా, ఇంట్లో చల్లటి మూల ఉంచండి. వానాకాలంలో ఇంకో తంటా. తేమకు వెంట్రుకలు సాగుతాయి, మర ఎంత తిప్పినా కమాను వదులుగానే అనిపిస్తుంది. మరీ బిగించకండి, వాయించడం అవ్వగానే తప్పకుండా వదులు చేయండి. వేసవిలో ఆ వెంట్రుకలే కుదించుకుపోతాయి, వదులు చేయకుండా పెట్టెలో పెట్టిన కమాను కర్ర వంగిపోతుంది. తేమకు వాయిద్యం పైచెక్క కూడా ఉబ్బి తీగలు ఫింగర్‌బోర్డు నుంచి పైకి లేస్తాయి. జూలై, ఆగస్టుల్లో, గోదావరికి వరద వచ్చే రోజుల్లో ఎడమ చెయ్యి ఉన్నట్టుండి బరువెక్కితే తప్పు మీది కాకపోవచ్చు. బ్రిడ్జికి ఎత్తు తగ్గించే మరలు ఉంటే కొద్దిగా దించుకోండి. లేకపోతే పనితెలిసినవాళ్ళకు చూపించండి.

ఇక కొబ్బరి నూనె. తలకు రాసుకున్న చేత్తో వెంట్రుకలను ముట్టుకోకండి. నూనె తగిలిన చోట రోజిన్ అంటదు, ఆ నాలుగంగుళాలూ కమాను జారుతూనే ఉంటుంది. ప్రాక్టీస్‌కు ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, పొడి తువ్వాలు పక్కన పెట్టుకోండి. అరచెయ్యి చెమటపడితే పట్టు జారుతుందని బిగిస్తాం. పది నిమిషాలకోసారి తుడుచుకుంటే ఆ బిగింపు సగం తగ్గుతుంది. పౌడరు మాత్రం వద్దు, అది వెంట్రుకల మీదికి పోతుంది.

డిసెంబరు నెల, పంటు ప్రయాణం

నవంబరు దాకా రోజుకు అరగంట వాయించినవాడు డిసెంబరు రాగానే క్యారల్స్ రిహార్సల్స్ పేరుతో మూడేసి గంటలు వాయిస్తాడు. చర్చిల్లో బేస్ వాయించే కుర్రాళ్ళకు ముంజేయి పట్టేసేది ఆ నెలలోనే. నవంబరు మొదటి వారం నుంచే కొంచెం కొంచెం పెంచుకుంటూ రండి. ఇరవై, పాతిక నిమిషాలు వాయించాక అయిదు నిమిషాలు కమాను కింద పెట్టండి. పాటకూ పాటకూ మధ్య కూడా కమానును చేతిలో పట్టుకుని కూర్చోకండి, స్టాండు మీదో ఒళ్ళోనో పెట్టి చెయ్యి వేలాడదీయండి. పాస్టరుగారి ప్రార్థన పొడుగ్గా సాగిందంటే మీ చేతికి విశ్రాంతి దొరికినట్టే.

ప్రయాణం కూడా లెక్కే. డబుల్ బేస్ పది కిలోల దాకా తూగుతుంది, సంచీతో కలిపి ఇంకా ఎక్కువ. నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించి సఖినేటిపల్లి వైపు దించడం లాంటి పనిలో, ఏటవాలు మీద దాన్ని కుడి చేత్తో మోసుకుంటూ దిగితే, గట్టు చేరేసరికి ఆ చెయ్యి వణుకుతూ ఉంటుంది. వెంటనే స్టేజీ ఎక్కితే కమాను కూడా వణుకుతుంది. ఎడమ భుజానికి తగిలించుకోండి, లేదా ఎండ్‌పిన్ చోట చక్రం బిగించుకుని తోసుకుంటూ వెళ్ళండి. మొయ్యడానికి ఇంకో మనిషిని అడగడంలో సిగ్గు లేదు. చేరాక పావుగంట ఆగి వాయించండి.

ఏ నొప్పికి ఆగాలి

కొత్త పట్టు మార్చిన మొదటి వారంలో భుజం వెనక, వీపు పైభాగంలో తేలిగ్గా లాగినట్టు అనిపిస్తే భయపడక్కర్లేదు, ఇన్నాళ్ళూ పని చేయని కండరాలు పని చేస్తున్నాయి. మర్నాటికల్లా తగ్గిపోవాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టులో, మోచేతి బయటివైపు గుచ్చినట్టు వచ్చే నొప్పి వేరు. అది వచ్చిన వెంటనే ఆపేయండి, "ఈ ఒక్క పాట అయ్యాక" అనొద్దు. తిమ్మిరి ఇంకా వేరు. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం ఒత్తుకుంటూ ఉండొచ్చు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారితే, ముఖ్యంగా రాత్రిపూట నిద్రలో, మణికట్టులోని నరం సంగతి చూపించుకోవాలి.

రెండు వారాలు ఆపినా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికో ఫిజియోథెరపిస్టు దగ్గరికో వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కమాను కూడా పట్టుకెళ్ళండి. డబుల్ బేస్ అనగానే గిటారు అనుకునేవాళ్ళే ఎక్కువ. కుర్చీలో కూర్చుని కమాను ఎలా పడతారో, చెయ్యి ఎటు కదులుతుందో చూపిస్తే ఎక్కడ నొక్కి చూడాలో వాళ్ళకే తెలుస్తుంది.